కాటా గది దగ్గర మూడో వైరు

చీకటి పడ్డాక కాటా గది మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఊరు దాటి రెండు మైళ్ళు పోతే రోడ్డు ఒక్కసారిగా ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు సగంలో, ఎడమవైపు, ఒంటరిగా ఒక గది. ఒకప్పుడు రాళ్ళ క్వారీ లారీలను తూచిన గది అది. క్వారీ మూతబడింది, కాటా తుప్పుపట్టింది, గదికి తలుపు లేదు, కిటికీకి చువ్వలు లేవు. పగటిపూట చూస్తే అంతకు మించి ఏమీ లేదు. రాత్రిపూట మాత్రం… అక్కడికి చేరగానే బండికి ఎక్కిళ్ళు పట్టుకునేవి. రెండు ఎక్కిళ్ళు, మూడు ఎక్కిళ్ళు — ఆపైన నిశ్శబ్దం.

చెయ్యి అడ్డంపెట్టి ఆపేది ఒక స్త్రీ అని కొందరూ, చచ్చిపోయిన కాటా గుమాస్తా అని కొందరూ చెప్పుకునేవారు. కళ్ళారా చూసినవారు మాత్రం ఎవరూ దొరకలేదు. చూసినవారు చెప్పగా విన్నవారే అందరూ.

అక్కడ బండి ఆగిపోయినవారు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి చేరే మొదటి గడప మోటారు మేస్త్రీ గారిది. ఆ గడపది మూడు తరాల కథ కనుక, ముందు ఆ పెద్దలను తలచుకోవడం మర్యాద.

షెడ్డు కట్టిన తాతగారు ఏ వేళ పిలిచినా చొక్కా తొడుక్కుంటూనే బయలుదేరిన మనిషి. వరద వచ్చిన ఏడు, ఆసుపత్రికి నీళ్ళు తోడే ఇంజనును మూడు పగళ్ళూ మూడు రాత్రులూ కన్ను మూయకుండా నడిపించారు. అక్కడే, చీకట్లో తడుముతూ, ఫ్యాను రెక్కకు రెండు వేళ్ళ కొసలు ఇచ్చుకున్నారు. ఆనాటి నుంచి ఆ ఇంట ఒక కట్టుబాటు ఏర్పడింది — దీపం ముందు, చెయ్యి తరవాత. నాయనమ్మగారు దారిలో చిక్కుకున్నవారి కోసం వసారాలో రెండు మంచాలు ఎప్పుడూ వాల్చి ఉంచేవారు. పేరైనా అడగకుండా దుప్పటి చేతిలో పెట్టేవారు. ఇక తండ్రిగారు, మార్చిన ప్రతి పాత సామానునూ గుడ్డలో కట్టి, సొంతదారు ముందు విప్పి, అది ఎందుకు పనికిరాకుండా పోయిందో చెప్పనిదే బండిని అప్పగించేవారు కాదు.

ఆ తండ్రిగారి పెద్దమ్మాయికి జరిగిన సంగతి ఇది. ఆమె నోట విన్నవారు చెప్పినది చెప్పినట్టే ఉంది.

ఆ చలికాలం తండ్రిగారికి నడుము పట్టేసి మంచం దిగలేని పరిస్థితి. షెడ్డు పెద్దమ్మాయి చేతిలో ఉంది. ఇంజను చప్పుడుకే నిద్రపోయి, ఇంజను చప్పుడుకే మేలుకున్న పిల్ల కనుక పనికి ఎవరూ వంక పెట్టలేదు. ఒక్క నర్సమ్మగారి కారు మాత్రం ఆ ఇంటి పరువు తీస్తోంది. చుట్టుపక్కల ఎక్కడ కాన్పు అయినా నర్సమ్మగారు వెళ్ళవలసిందే. ఆమె వెళ్ళవలసింది ఆ కారులోనే. ఆ నెలలో రెండుసార్లు, రెండుసార్లూ రాత్రివేళే, అది కాటా గది దగ్గర మిస్సింగు కొట్టి, అంటే దెబ్బ తప్పి ఎక్కిళ్ళు పెట్టి, ఆగిపోయింది.

ఆ సాయంకాలం పెద్దమ్మాయి చెల్లెలి అత్తవారి ఊరి నుంచి సైకిలు మీద కబురు వచ్చింది. చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నట్టుందని అక్కడి ముసలమ్మ చెప్పింది.

చెల్లెలి ఊరు ఆ ఎత్తుకు అవతల ఉంది.

పెద్దమ్మాయి పరుగున నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మగారు వేరొకరి ఇంట, మరొక కాన్పులో ఉన్నారు. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఇక్కడ తేలేసరికి పది అవుతుంది. ఈ లోపల నువ్వు బండి తీసుకుని ఆ ఎత్తు ఎక్కి దిగి రా. బాగుంటే బాగుందని నీ నోటితో చెప్పు."

"నాన్న మూడుసార్లు చూశారండీ…"

"మీ నాన్న చూసిన బండే కదమ్మా నన్ను అక్కడ కూర్చోబెట్టింది. పోయినసారి నేను నడిచి చేరేసరికి ఆ తల్లి ఒళ్ళు చల్లబడిపోయింది. ఎలా బతికిందో నాకిప్పటికీ తెలియదు." ఒకసారి వెనక్కి, గది వైపు చూశారు. "బాగాలేకపోతే లేదని చెప్పు. చుట్టుదారిన ఎలాగో వస్తాను. తెల్లారిపోతుంది — అయినా వస్తాను. నాకు మాత్రం అబద్ధం చెప్పకు."

తెల్లారేదాకా చెల్లెలు ఆగగలదా అన్నది ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

ఇంటికి వచ్చి పనిముట్ల సంచి సర్దుకుంటూంటే, మంచం మీద నుంచి తండ్రిగారు అన్నారు:

"నాలుగు ప్లగ్గుల వైర్లూ ఒక్కొక్కటే పీకి చూశానే. ఏది పీకినా ఇంజను కుంగింది. అంటే నాలుగూ పనిచేస్తున్నట్టేగా? ప్లగ్గులు కొత్తవి. పాయింట్లు రుద్దాను. ఇంకేం చూడాలి?"

"ఎక్కడ చూశారు నాన్నా?"

"ఎక్కడేమిటి, మన వాకిట్లో."

"వాకిట్లో అది ఎప్పుడైనా మిస్సింగు కొట్టిందా?"

తండ్రిగారు చూపు కప్పు వైపు తిప్పుకున్నారు. లేని రోగాన్ని లేనిచోట మూడుసార్లు వెతికినట్టు ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

"దీపం తీసుకెళ్ళు, తల్లీ," అన్నారు చివరకు.

నర్సమ్మగారి కారు నడిపే ఆయనను ఊరంతా ధైర్యం గారు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం అందరికీ తెలుసు. ఆయనకు ఒక్కరికే తెలియదు. మనిషి మంచివాడు. కాలికి మాత్రం నిలకడ లేదు — ఆయన యాక్సిలరేటరు తొక్కితే వెనక కూర్చున్నవారి తల ముందు సీటుకు కొట్టుకునేది.

"నాకేం భయం లేదమ్మాయీ," అన్నాడు ఊరు దాటగానే, ఎవరూ అడగకుండానే.

"పోయినసారి నర్సమ్మగారిని బండిలో వదిలేసి మైలు దూరం పరుగెత్తారట కదా, బాబాయ్?"

"సాయం కోసం పరుగెత్తాను. సాయానికి వెళ్ళేవాడు నడుస్తాడా?"

"ఊరు ముందుకు ఉంటే మీరు వెనక్కి పరుగెత్తారట."

"చీకట్లో ముందేదో వెనకేదో నీకు తెలుస్తుందా?" అని, ఆయన గేరు మార్చాడు.

ఎత్తు మొదలైంది.

మొదటి మలుపు దాకా ఇంజను హాయిగా పాడింది. రెండో మలుపు తిరిగేసరికి లోయలోంచి మంచు లేచి రోడ్డు మీద పాకుతోంది. లైట్ల వెలుగులో రోడ్డు పాలలో మునిగినట్టు కనిపించింది. ఆ తెలుపులోంచి మెల్లగా… ఒక నల్లని మూల బయటికి వచ్చింది. కాటా గది.

టప్. టప్. టప్. టప్.

టప్. టప్. — టప్.

పెద్దమ్మాయి చెవులు నిక్కబొడుచుకున్నాయి. నాలుగు దెబ్బల్లో ఒకటి లేదు. ఒక దెబ్బ తినేసి, మిగిలిన మూడింటితో బండి కుంటుతోంది.

"వచ్చేశాడు…" అన్నాడు ధైర్యం గారు, ఊపిరితోనే.

"ఆపండి. న్యూట్రల్‌లో పెట్టండి. హ్యాండుబ్రేకు గట్టిగా లాగండి. ఇంజను మాత్రం ఆగిపోనివ్వకండి."

"ఇక్కడా?"

"ఇక్కడే, బాబాయ్. ఇది మిస్సింగు కొట్టేది ఇక్కడే కదా."

ఆమె దిగి, వెనక చక్రాలకు రెండు రాళ్ళు అడ్డం పెట్టింది. టార్చి వెలిగించి బానెట్టు ఎత్తింది. ఎత్తిన రేకు అడ్డం వచ్చి సీటు కనబడటం మానేసింది. ఇక ఆ మనిషికీ ఈ మనిషికీ మాట ఒక్కటే ఆధారం.

టార్చి వెలుగులో ప్రతి వైరునూ కొస నుంచి కొస దాకా చూసింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత చూసింది. కాయిలు చూసింది. నల్లగా, నిగనిగలాడుతూ, అన్నీ బుద్ధిమంతుల్లా ఉన్నాయి. ఇంజను మాత్రం ఎదురుగా నిలబడి అబద్ధమాడుతున్నట్టు — టప్, టప్, —, టప్.

ఎంత వంగి చూస్తే అంత ఏమీ లేదు. టైము ఎనిమిదిన్నర దాటి ఉంటుంది. అవతలి ఊళ్ళో చెల్లెలు మంచం పట్టె పట్టుకుని ఉంటుంది. పెద్దమ్మాయి నుదుట చెమట పట్టింది, ఆ చలిలో కూడా. తుడుచుకోవడానికి టార్చిని చంకలో పెట్టుకుంది. వెలుగు చొక్కా మడతల్లో మునిగిపోయింది.

"పెంచండి, బాబాయ్," అంది ముఖం తుడుచుకుంటూనే.

ఇంజను గుర్రంలా గెంతింది — ధైర్యం గారి కాలే.

అప్పుడు కనబడింది.

ఇంజను లోతుల్లో నీలంగా, సన్నగా… దారం లాంటి వెలుగు. కదిలింది. పాములా ఒకసారి మెలి తిరిగి, మాయమై, మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా చిటుక్కుమని ఎవరో వేలు విరిచినట్టు చిన్న చప్పుడు.

ఆమె టార్చి లాగి అటు తిప్పింది — ఏమీ లేదు. నల్లని వైర్లు, బుద్ధిగా.

టార్చి ఆర్పింది. నీలి దారం.

వెలిగించింది. లేదు.

గుండె దడదడ కొట్టుకుంటూ ఉండగానే, ఆ దడలోంచే ఒక మాట తేటతెల్లమైంది. ఇది దెయ్యం కాదు. కరెంటు! ప్లగ్గుకు పోవలసిన నిప్పురవ్వ, దారిలోనే వైరును చీల్చుకుని పక్క ఇనుము మీదకు దూకుతోంది. పొడిగా ఉన్న వాకిట్లో దూకలేదు. ఈ మంచు తడి తగిలితేనే దానికి దారి దొరుకుతుంది. మూడు తరాలుగా ఈ ఇంటివారు దీపం పట్టుకుని వెతుకుతున్నారు… దీపం పట్టుకున్నంతసేపూ ఇది దాక్కుంటోంది.

తాతగారి వేళ్ళు గుర్తుకు వచ్చాయి. "తాతగారూ, ఒక్కసారికి ఒప్పుకోండి," అనుకుని, టార్చిని జేబులో పెట్టుకుంది. రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకుంది. ముఖం మాత్రం ఇంజను మీదకు వంచింది.

కారు ఎక్కడో టక్కుమంది. సీటు సర్దుకుంటున్నాడనుకుంది.

"ఇంకొంచెం పెంచండి," అంది మెల్లగా.

ఒక క్షణం ఏమీ జరగలేదు. ఆపైన ఇంజను పెరిగింది.

గెంతలేదు. కుండలోకి నీళ్ళు నిండినట్టు, అంచెలంచెలుగా, సాఫీగా పెరిగింది.

"అబ్బో," అనుకుంది ఆమె. "భయం మనిషికి ఎంత నేర్పుతుందో."

"అలాగే పట్టుకోండి."

చప్పుడు అక్కడే నిలబడింది. గీత గీసినట్టు. ఆ నిలకడలో నీలి దారం కూడా నిలబడిపోయింది, లెక్క తప్పకుండా, ఒకే చోటి నుంచి. ముందు నుంచి మూడో ప్లగ్గుకు పోయే వైరు, ఇనుప పట్టీకి రాసుకునే చోట. వెంట్రుకంత పగులు. పగలు కంటికి ఆనని పగులు.

"దొరికింది, బాబాయ్… ఇక తగ్గించండి."

తగ్గింది.

"ఆపెయ్యండి."

ఆగింది.

ఇంజను ఆగాక ఆ చోట ఎంత నిశ్శబ్దం ఉందో తెలిసింది. కాటా గదిలోంచి నీటిబొట్టు రేకు మీద పడుతున్న చప్పుడు. అది తప్ప మరేదీ లేదు. మనిషి దగ్గు లేదు, కదలిక లేదు. ధైర్యం గారి ఊపిరి మైలు దూరానికి వినబడేది మామూలుగా. పాపం, నోరు పడిపోయి ఉంటుందనుకుంది.

ఫ్యాను నిలిచింది కనుక చేతులు లోపలికి పోనిచ్చింది. తడుముకుంటూ మూడో వైరును పొడిగుడ్డతో తుడిచింది. సైకిలు ట్యూబు ముక్కను పగులు మీద బిగించి చుట్టింది, దారంతో కట్టింది, ఇనుముకు తగలకుండా నాలుగు వేళ్ళ దూరం ఎడంగా లాగి మరొక ముడి వేసింది. మిగిలిన మూడింటినీ పొడిగా తుడిచింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి.

"స్టార్టు చెయ్యండి."

ఒక్క పట్టుకే అందుకుంది.

టప్. టప్. టప్. టప్.

ఆమె చెవి ఒగ్గింది. "పెంచండి…" పెరిగింది. "ఇంకా… పూర్తిగా… అలాగే పట్టుకోండి." ఇంజను గొంతెత్తి పాడింది. ఎక్కడా తొట్రుపాటు లేదు, తినేసిన దెబ్బ లేదు. చీకట్లో ఎంత వెతికినా నీలి దారం లేదు. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. చెల్లెలి ముఖం కళ్ళ ముందు మెదిలింది.

ఆ సంతోషంలోనే బానెట్టు దించి, ధడాలున మూసి, టార్చి వెలిగించుకుంటూ డ్రైవరు తలుపు వైపు నడిచింది. హేళన చెయ్యకుండా ఉండలేకపోయింది.

"ఇవాళ మీ కాలికి ఎక్కడి నిలకడ వచ్చింది, బాబా—"

తలుపు బారుగా తెరిచి ఉంది.

సీటు ఖాళీగా ఉంది.

ఇంజను ఇంకా పూర్తి గొంతుతో పాడుతూనే ఉంది.

ఆమె చెయ్యి తన ప్రమేయం లేకుండానే టార్చిని కిందికి వంచింది. యాక్సిలరేటరు పెడలు నేలకంటా నొక్కుకుని ఉంది. దాని మీద ఏ కాలూ లేదు. సీటు తోలు మీద సన్నని మంచుతడి పరుచుకుని ఉంది — చాలాసేపుగా ఎవరూ కూర్చోని చోట పరుచుకున్నట్టు, ఎక్కడా చెదరకుండా.

ఆమె పెదవులు కదిలాయి. ఏం అంటున్నదో ఆమెకే తెలియదు. అలవాటే ఆ మాట పలికించింది.

"చాలు…"

పెడలు పైకి లేచింది. మెల్లగా. ఇంజను నొచ్చుకోకుండా పాదం తీసే పనివాడి కాలు లేచినట్టు, అంచెలంచెలుగా.

అదే సమయానికి కింది మలుపు దగ్గర నుంచి సన్నని కేక వచ్చింది.

"అమ్మాయీ… నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నావా?"

అక్కడ, రెండు వందల అడుగుల దిగువన, మైలురాయిని కౌగిలించుకుని ధైర్యం గారు నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు దిగారు?" అంది.

"నువ్వు మొదట పెంచమనగానే! బానెట్టు సందులోంచి నీలంగా మండింది. వాడి కళ్ళే అవి! చూశాక ఎవడు కూర్చుంటాడు?" ఆపైన కాస్త ఆగి, అనుమానంగా అడిగాడు: "అప్పటినుంచీ నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

ఆమె టార్చిని మళ్ళీ సీటు వైపు తిప్పింది.

కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. మంచు మోకాళ్ళ దాకా వచ్చింది. ధైర్యం గారు పైకి రాడు, రమ్మన్నా రాడు. బండిని కిందికి తీసుకుపోవలసింది తనే. పదింటికి నర్సమ్మగారు గుమ్మంలో నిలబడి ఉంటారు. అవతల, తొలి కాన్పు. బిడ్డ అడ్డంగా.

ఆమె తలుపు పట్టుకుని, ఆ ఖాళీ సీటు వైపు కాస్త తల వంచింది. పెద్దలతో మాట్లాడే గొంతుతో అన్నది:

"కొంచెం జరగండి… మా చెల్లెలికి కాన్పు."

ఒక్క క్షణం ఆగి, ఎక్కి కూర్చుంది. సీటు మంచుగడ్డలా ఉంది. పక్క సీటు వైపు ఆమె చూడలేదు — మలుపు దాకా చూడలేదు. వెనక్కి తిప్పుకుని, ధైర్యం గారిని మైలురాయి నుంచి విడిపించి ఎక్కించుకునేదాకా చూడలేదు. ఆయన ఎక్కుతూనే "ఈ పక్కంతా ఇంత తడిసిందేమిటి?" అన్నాడు. ఆమె ఇంజను పెంచింది.

పదికి పది నిమిషాలు ఉండగా నర్సమ్మగారు బ్యాగు పట్టుకుని బయటికి వచ్చారు.

"బాగుందా?"

"బాగుందండీ."

"ఎవరు చూశారు?"

పెద్దమ్మాయి కాస్త తడబడింది. అబద్ధం చెప్పవద్దన్న మనిషి ఆమె.

"ఇద్దరం చూశాం," అన్నది.

వెనక నిలబడ్డ ధైర్యం గారు ఛాతీ విరుచుకున్నాడు.

ఆ రాత్రి కారు కాటా గదిని ఒక్క ఎక్కిలి కూడా లేకుండా దాటింది. నర్సమ్మగారు చేరేసరికి చెల్లెలికి స్పృహ ఉంది, బిడ్డ ఇంకా అడ్డంగానే ఉంది. తెల్లవారుజామున నర్సమ్మగారు మోచేతుల దాకా నెత్తురుతో తలెత్తి, "ఇంకొక గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారు," అన్నారు. ఆడపిల్ల. ఏడుపు మాత్రం ఊరు లేచేలా ఏడ్చింది.

తండ్రిగారు సంగతంతా విని, "చలికి పెడలు ఒక్కోసారి బిగుసుకుపోతుందే," అన్నారు.

"బిగుసుకుంటుంది నాన్నా," అన్నది పెద్దమ్మాయి. "కానీ చెప్పిన మాట వినదు."

ఆయన దుప్పటి మెడ దాకా లాక్కున్నారు.

పెద్దమ్మాయి ఆ తరవాత నలభై ఏళ్ళు ఆ షెడ్డు నడిపింది. తన కూతురికీ, కూతురి పిల్లలకూ ఆమె అప్పగించినది పెద్దగా ఏమీ లేదు. మిస్సింగు ఏ చోట వస్తే బండిని ఆ చోటే నిలబెట్టి చూడమన్నది. వైర్లను మొదట దీపంతో చూడమన్నది. ఆపైన దీపం ఆర్పి, చేతులు వెనక్కి కట్టుకుని మళ్ళీ చూడమన్నది. సీట్లో కూర్చున్నవారు ప్రతి మాటకూ నోరు తెరిచి "ఆఁ" అని పలకాలనీ, ఆ పలుకు వినబడనిదే రెండో మాట చెప్పకూడదనీ గట్టిగా నేర్పింది. ఆ షెడ్డులో ఇప్పటికీ అందరూ అలాగే పలుకుతారు, వచ్చినవారు నవ్వుకుంటారు.

చిన్న మనవరాలు ఒకసారి అడిగింది: "పలక్కుండానే పని జరిగిపోతూ ఉంటే, అమ్మమ్మా?"

"పని పూర్తి చేసుకో, తల్లీ," అన్నది ఆమె, చేతులు తుడుచుకుంటూ. "బానెట్టు దించే ముందు మాత్రం 'ఇక చాలండీ' అని చెప్పు. చెప్పకపోతే, పాపం, అలాగే తొక్కి పట్టుకుని ఉంటారు."